మగ్గం గుంత మీది డబ్బా

మా బావ పోయాడన్న సంగతి నాకు తిరువళ్ళూరు స్టేషన్‌లో తెలిసింది. రైలు దిగి ఫోను చూసుకుంటే అక్క చేసిన కాల్స్ తొమ్మిది ఉన్నాయి, రొదలో ఒక్కటీ వినపడలేదు. అక్కకు తిరిగి చేయబోతూ మా వీధి వాట్సాప్ గ్రూపు తెరిచాను. "అన్న తవరిట్టార్" అని తమిళంలో ఒక్క ముక్క. అన్న పోయారు అని. దానికి పైన, ముందురోజు సాయంత్రం ఎవరో పెట్టిన మెసేజి ఉంది: "అన్నా, మా ఇంట్లో ఎర్రలైటు వెలగతాండాది, వచ్చి చూడు." దానికి జవాబు లేదు.

ఇంటర్నెట్ రాకపోతే చెప్పుకోవడానికని ఆ గ్రూపు పెట్టింది మా బావే. ఆయన జవాబివ్వని మెసేజి నేను అంతకుముందు చూడలేదు. ముందురోజు సాయంత్రం నుంచి ఛాతీలో మంటగా ఉందని పడుకున్నాడట, అజీర్ణమని అనుకున్నారు. ఆ పొద్దున నేను వాళ్ళ గుమ్మం ముందునుంచే స్టేషన్‌కు పోయాను. రైలుకు టైమైపోతోందని లోపలికి తొంగి కూడా చూడలేదు. అవతలి ప్లాట్‌ఫారం మీదికి పోయి తిరుత్తణి వైపు వచ్చిన మొదటి బండి ఎక్కాను. దారి పొడుగునా ఆ ఎర్రలైటు మెసేజినే చూస్తూ కూర్చున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు బస్సు పోయే దారిలో మా వీధి. అందరమూ నేతగాళ్ళమే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బావ ఇరవై ఏళ్ళు గుంతమగ్గం మీద పట్టుచీరలు నేశాడు. నేలలో నడుములోతు గుంత తవ్వి, అందులోకి కాళ్ళు దించి నేసే మగ్గం అది. పని ఇచ్చేవాళ్ళు తగ్గిపోయి ఆ మగ్గం విప్పేసిన రోజున అక్క అన్నం ముట్టలేదు. బావ మాత్రం ఆ గుంత మీద చెక్కపలకలు పరిచాడు. పలకల మీద ఇనుప స్టాండు నిలబెట్టాడు. చెన్నైలో పాత సామాన్ల అంగట్లో కొన్న రౌటర్ ఒకటి తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. బయటి నుంచి వచ్చే పెద్ద లైను ఒకటి పట్టుకుని మా వీధికీ చుట్టుపక్కల నాలుగు వీధులకూ తీగలు లాగి పంచేవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి ఇదంతా ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే నవ్వేవాడు.

"మూడువేల పోగులు ఒగదానికొగటి అతకడం వచ్చినోనికి మున్నూరు ఇండ్లు అతకడం ఎంత సేపబ్బా?"

గొప్పలకు పోయే మనిషి కాదు కానీ ఈ ఒక్క మాట మాత్రం అందరి దగ్గరా అనేవాడు. నా దగ్గర కనీసం యాభైసార్లు అని ఉంటాడు. "మొన్ననే చెప్పినావు బావా" అంటే, "నీకు కాదులే, మీ అక్కకు వినపడాలని" అనేవాడు. మగ్గం విప్పేసినందుకు అక్క ఆయన్ను చాలా కాలం క్షమించలేదు.

కుర్చీలో కూర్చుని పని చేయడం మా బావకు చేతకాదు. రౌటర్ కు ఏదైనా చేయాల్సి వస్తే ముందు రెండు పలకలు లాగేసి గుంతలోకి కాళ్ళు దించేవాడు. లాప్‌టాప్‌ను, నేసిన బట్ట చుట్టుకునే మగ్గం దోనె ఉండే చోట పెట్టుకునేవాడు. "కాళ్ళు కిందికి ఏలాడితేనే నాకు చేతులు ఆడతాయి బామ్మర్దీ" అనేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి, చెన్నైలో ఇంజనీర్లు చూస్తే నీకు దండం పెట్టి పోతారని. ఆ గుంత అడుగున మట్టినేల మీద రెండు పల్లాలు ఉన్నాయి. ఇరవై ఏళ్ళు ఆయన మడమలు ఆనిన చోట అవి.

రౌటర్‌ను ఆయన డబ్బా అనేవాడు. ఫోను మోగితే హలో అనడు. "ఎర్రదా, పచ్చదా?" అంటాడు. కొత్తవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు, పాతవాళ్ళు తమ ఇంట్లో ఏ లైటు వెలుగుతోందో చెప్పేవాళ్ళు. డబ్బాను ఆపి మళ్ళీ వేస్తే అది లేచి పచ్చలైటు చూపించడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు బావ ఏ పనీ చేసేవాడు కాదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. "తల తడుముకుంటాండాది. తొందరపెట్టగూడదు" అనేవాడు, నిద్ర లేస్తున్న మనిషి గురించి చెప్పినట్టు.

మాది నేతవీధి కదా, గాలిలో ఎప్పుడూ పీచు ఎగురుతుంటుంది. అది డబ్బా లోపలికి పోయి పేరుకుంటుంది. అందుకని నెలకొకసారి మూత తీసి, పాత మగ్గం సామాన్లలో మిగిలిన కుంచెతో బావ దాన్ని మెల్లగా ఊడ్చేవాడు. అమావాస్య నాడే ఈ పని. ఆ రోజు మగ్గాలకు సెలవు, వీధిలో పీచు ఎగరదు. మా అమ్మ బతికున్నప్పుడు గొణిగేది, అమావాస్యనాడు ఇనుప సామాను విప్పడమేమిటని. బావ ఆమెకు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"అత్తా, మనకు అమావాస్య అచ్చిరాదు. పక్కింటి తమిళోళ్ళకు నిరంజ అమావాసై, మంచిదినం. నేను ఇంట్లో తెలుగోణ్ణి, డబ్బా కాడ తమిళోణ్ణి."

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి అసలు కారణం అదే. మా బావకు నేను ఒక సంగతి చెప్పకుండా దాచాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. చెప్పకుండానే ఆయన పోయాడు.

కరోనా లాక్‌డౌన్ నాటి మాట. నేను గుమాస్తాగా పనిచేసే బడి మూసేశారు, ఇంట్లోనే ఉన్నాను. వీధిలో పిల్లలందరికీ క్లాసులు ఫోన్లలోనే. పొద్దున తొమ్మిదయ్యేసరికి డబ్బా బిగుసుకుపోయేది. ఏ ఇంటి నుంచి ఏం అడిగారు, వచ్చిన జవాబు తిరిగి ఏ ఇంటికి పంపాలి అన్నదంతా ఆ డబ్బా తన మెమరీలో రాసుకుంటుంది. రాసుకోవడానికి చోటు నిండిపోతే అది ఎవరికీ పలకదు. ఆపి మళ్ళీ వేయాల్సిందే. దానికి మందు ఒకటే, లోపలి చిన్న మెమరీ కార్డు తీసి పెద్దది పెట్టడం. బావ ఎలాగో పాసు సంపాదించుకుని, స్కూటర్ మీద చెన్నై పోయి, వెండిరంగు కవర్లో పెట్టిన కార్డు ఒకటి తెచ్చాడు. చేతి వేలంత పొడవు పచ్చటి పలక, అంచున బంగారు రంగు పళ్ళు. దారిలో మూడుచోట్ల పోలీసులు ఆపారట.

అమావాస్య నాటి ఉదయం ఇద్దరం పలకలు తీసి కూర్చున్నాం. సరిగ్గా అప్పుడే ఎవరిదో ఫోను వచ్చింది. బావ "ఎర్రదా, పచ్చదా?" అనుకుంటూ వాకిట్లోకి పోయాడు. నేను కవర్లోంచి కార్డు తీశాను. పళ్ళ మీద నా వేలిముద్ర పడింది. దాన్ని తుడవడానికి దేవుడి గూట్లోంచి పట్టుపేలిక తీసుకున్నాను. నేతగాళ్ళ ఇళ్ళల్లో అదొక అలవాటు. చీర కోసినప్పుడు మిగిలిన పట్టుముక్కను సామి పటాలు తుడవడానికి దాచుకుంటాం. కళ్ళద్దాలైనా, బంగారమైనా, మెత్తగా తుడవాల్సింది ఏదైనా సరే చెయ్యి దానికోసమే పోతుంది. ఎర్రటి పట్టుముక్క అది. కార్డు తళతళలాడేదాకా రుద్దాను. మళ్ళీ కవర్లో పెట్టేశాను.

బావ వచ్చి కార్డు బిగించాడు. నాలుగు నిమిషాలయ్యాయి, పది నిమిషాలయ్యాయి. డబ్బా లేవలేదు. తీసి మళ్ళీ పెట్టాడు, లేవలేదు. చివరికి పాత చిన్న కార్డునే తిరిగి పెడితే లేచింది. "అంగట్లోనే చచ్చిపోయిన కార్డు ఇచ్చినట్టుండారు" అన్నాడు బావ, నొసలు తుడుచుకుంటూ. నేను అవునన్నాను. ఆ తర్వాత ఖాళీ కవరు పారేయబోతూ దాని వెనక చూశాను. చెయ్యి బొమ్మ, దాని మీద మెరుపు గీత, అడ్డంగా కొట్టివేసిన గుర్తు. ఒంట్లో పుట్టే కరెంటు తగిలితే కార్డు చచ్చిపోతుందని దాని అర్థం. పట్టు రుద్దితే ఆ కరెంటు పుడుతుందని బడిలో నేనూ చదువుకున్నాను. దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకునే పాఠం. ఆ క్షణంలో చెప్పి ఉంటే బావ నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. నేను కవరును మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంకో కార్డుకు మళ్ళీ పాసు కావాలి, అది రావడానికి రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే మా వీధి చివరింటి పిల్లకు నర్సింగ్ సీటు కోసం ఇంట్లోంచి రాసే పరీక్ష వచ్చింది. పరీక్ష మధ్యలో డబ్బా బిగుసుకుపోయింది. బావ పరుగెత్తి దాన్ని ఆపి వేశాడు కానీ, అది లేచేసరికి పరీక్ష ఆ పిల్లను మళ్ళీ లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాది ఆమెకు సీటు లేదు.

ఆ సాయంత్రం బావ వాళ్ళింటికి పోయాడు, నేనూ వెనక పోయాను. చెప్పులు వాకిట్లో విడిచి గడప బయటే నిలబడ్డాడు.

"అమ్మాయా, తప్పు మా డబ్బాది. నువ్వు బాగా రాస్తాండావని మీ నాయన చెప్పినాడు. వచ్చే ఏడు నీ పరీక్షకు నేను కావలుంటాను."

ఆ పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. ఆమె తల్లి మాకు నీళ్ళిచ్చింది. నేను తాగకుండా గ్లాసు గడప మీద పెట్టేశాను. తప్పు డబ్బాది కాదని తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే అనుకున్నాను.

బావ మాట నిలబెట్టుకున్నాడు. అప్పటికి పెద్ద కార్డు వచ్చి, డబ్బా బిగుసుకుపోవడం ఎప్పుడో మానేసింది. అయినా మరుసటి ఏడు ఆమె పరీక్ష నాడు విసనకర్ర పట్టుకుని మూడు గంటలు డబ్బా పక్కనే కూర్చున్నాడు. వేడెక్కుతుందేమోనని దానికి విసిరాడు. నేను నవ్వితే నాకూ రెండు విసుర్లు విసిరాడు. ఆ పిల్లకు సీటొచ్చింది. ఇప్పుడు తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. బావ పోయిన రోజు ఆయన్ను చూడ్డానికి డ్యూటీ బట్టలతోనే వచ్చింది. కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను ఆమె ఎదుట నిలబడలేక పెరట్లోకి పోయాను.

బావ పోయాక మళ్ళీ అదే తంటా మొదలైంది. కొత్త ఇళ్ళు కలిశాయి, చోటు మళ్ళీ చాలడం లేదు. పొద్దుటిపూట డబ్బా బిగుసుకుపోతోంది. వేరే కంపెనీ లైను పెట్టించుకుంటామని ఒకరిద్దరు మెల్లగా అన్నారు. వాళ్ళ తప్పేం లేదు. నేను అక్కతో అన్నాను, ఇంక దీన్ని ఎవరికైనా అప్పగించేద్దామని. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"మగ్గం విప్పేటప్పుడు ఆయన మాటకు అడ్డం చెప్పలేక ఊరుకున్నాన్రా. ఇప్పుడు దీన్ని గూడా విప్పమంటావా? బీరువాలో కార్డు తెచ్చి పెట్టిపోయినాడు. నోటుబుక్కు గూడా ఉండాది. నువ్వు కూర్చో, నేను చదవతాను."

కార్డు నిజంగానే ఉంది, వెండిరంగు కవర్లో. అమావాస్యకు పెడదామని తెచ్చుకున్నాడట, ఆ అమావాస్యకు ఆయన లేడు. నోటుబుక్కు పక్కనే ఉంది. బావ చదివింది తెలుగుబడి, రాసింది తెలుగులోనే. మా వీధిలో ఇప్పటి పిల్లలకు తమిళం చదవడమే వచ్చు, తెలుగు అక్షరాలు చూపిస్తే బొమ్మలు చూసినట్టు చూస్తారు. ఆ నోటుబుక్కు చదవగలిగినవాళ్ళం మేమిద్దరమే.

తరువాతి అమావాస్య రోజు మధ్యాహ్నం, మగ్గాలకు సెలవై వీధి సద్దుమణిగి ఉండగా, నేను రెండు పలకలు లాగి గుంతలోకి కాళ్ళు దించాను. అక్క పక్కన కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. బావ మాట్లాడినట్టే రాసుకున్నాడు.

"ఒగటి. లాప్‌టాప్‌లో రైట్ మెమరీ అని కొట్టు. అది కొట్టకుండా కరెంటు తీస్తే రాసిందంతా పోతాది. రెండు. కరెంటు తియ్యి. మూడు. మూత తీసి, మొదట ఇనుము ముట్టుకో. ఆ తర్వాతే ఏదైనా. నాలుగు. పాత కార్డుకు రెండు పక్కలా చెవులుంటాయి. రెండూ ఒగేసారి వంచు. అదే పైకి లేస్తాది."

అదే పైకి లేచింది. నేను కొత్త కార్డు తీశాను. అక్క తొంగి చూసింది.

"దుమ్ము పడినట్టుందే" అంటూ నోటుబుక్కు ఒళ్ళో పెట్టి, చెయ్యి చాచి దేవుడి గూట్లోంచి ఎర్రటి పట్టుపేలిక అందుకుంది. "ఇందా, దీంతో తుడువు."

కార్డు జారిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను.

"అది వద్దక్కా. ముందు ఐదోది చదువు."

అక్క మళ్ళీ వేలు పెట్టింది. మొదట మామూలుగానే చదివింది, తర్వాత మెల్లగా.

"ఐదు. కొత్త కార్డును పట్టుపేలికతో తుడవొద్దు. పట్టు రుద్దితే కరెంటు పుట్టి కార్డు చస్తాది. కరోనా అప్పుడు మా బామ్మర్ది తుడిచినాడు. ఆ రాత్రే కార్డు పళ్ళ సందులో సామిపేలిక పోగు దొరికింది. వాడు చెప్పలా, నేను అడగలా. అడిగితే ఆ చివరింటి పిల్లకు వాడు మొగం చూపించలేడు. దుమ్ముంటే నోటితో ఊదు, అదే చాలు."

ఆ పేరా కింద ఒక చిన్న టేపు ముక్క అంటించి ఉంది. టేపు కింద ఎర్రటి పట్టుపోగు, అంగుళం పొడవు. ఇరవై ఏళ్ళు పట్టు నేసిన మనిషికి ఆ పోగు ఏ గుడ్డదో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అంటే ఆ చివరింటి గడప ముందు నిలబడి "తప్పు మా డబ్బాది" అన్నప్పుడే ఆయనకు తెలుసు. వెనక నేను నిలబడి ఉన్నానని కూడా తెలుసు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ నాతో కలిసి అన్నం తిన్నాడు, ఎగతాళి చేశాడు, విసనకర్రతో విసిరాడు. ఒక్కసారి కూడా ఆ పేలిక ఊసెత్తలేదు.

అక్క తన చేతిలో ఉన్న పేలిక వైపు చూసుకుంది.

"నేనైనా అదే చేసుంటాను గదరా" అంది.

అంతే అంది. పేలికను మడిచి ఆ పేజీలో పెట్టింది. నేను కార్డు మీద నోటితో ఊదాను. అక్క చదివింది: "ఆరు. గాడిలో నిలువుగా పెట్టి టక్కుమనే దాకా నొక్కు. బయపడొద్దు." నొక్కాను. టక్కుమంది. "ఏడు. కరెంటు ఇయ్యి. నాలుగు నిమిషాలు. తొందరపెట్టగూడదు."

కరెంటు ఇచ్చాను. ఎర్రలైటు వెలిగింది. లోపల ఫ్యాను తిరగడం వినిపించింది. గుంత అడుగున నా కాళ్ళు తడుముకుంటూ పోయి ఆ రెండు పల్లాల్లో ఆనాయి. అవి చల్లగా, నున్నగా ఉన్నాయి.

"నేనే తుడిచినాను బావా" అన్నాను డబ్బా వైపు చూస్తూ. ఎన్నో ఏళ్ళుగా మనసులో అనుకుంటున్న మాట, బయటికి అంటే ఇంత చిన్నదిగా ఉంటుందని తెలియదు. అక్క విననట్టు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది.

లైటు పచ్చగా మారింది. పక్కింట్లో ఆగిపోయిన టీవీ మళ్ళీ మాట్లాడసాగింది. అక్క లేచి, నోటుబుక్కు కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టింది. పలకలు మూసేద్దాం రమ్మని రెండుసార్లు పిలిచింది. నేను ఇంకాసేపు కాళ్ళు పైకి తీయలేదు.